ప్లాస్టిక్ మోడల్స్‌కు రంగులు, 4వ పాఠం: ఏ రంగుకు ఏ థిన్నర్?

గత పాఠంలో వేసిన ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) ఆరిపోయి ఉంటుంది. ఇక అసలు రంగు. సీసాలోని రంగు ఎయిర్‌బ్రష్‌కు (గాలితో రంగును తుంపరగా చిమ్మే పరికరం) మరీ చిక్కన, అందుకే థిన్నర్ అనే ద్రవం కలిపి పల్చన చేయాలి. మూత మీద ‘అక్రిలిక్’ అని కనబడగానే చాలామంది నీళ్లు కలిపేస్తారు. తొందరపడకండి. అక్రిలిక్ అన్న పేరుతో రెండు రకాల రంగులు అమ్ముతున్నారు.

వయేహో మోడల్ కలర్ లాంటివి నిజంగానే నీటి రంగులు. కుంచెతో వేస్తే నీళ్లు చాలు, ఎయిర్‌బ్రష్‌కు ఆ కంపెనీ థిన్నరే మేలు. వీటిలో ఆల్కహాల్ పోస్తే రంగు ముద్దకట్టి నాజిల్‌కు అడ్డం పడుతుంది. తమియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ రంగులు అలా కాదు. అవీ అక్రిలిక్కే, నీళ్లలోనూ కలుస్తాయి, కానీ వాటికి సరైన జోడీ ఆల్కహాల్ తరహా థిన్నర్. తమియా వారి ఎక్స్-20ఎ తీసుకోండి, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కొనేటప్పుడు చివర ‘ఎ’ ఉందో లేదో చూడండి. ఉత్త ఎక్స్-20 ఎనామెల్ (నూనె తరహా రంగు) థిన్నర్, ఇక్కడ పనికిరాదు.

నా ఓటు మాత్రం మిస్టర్ లెవలింగ్ థిన్నర్‌కే. పేరుకు లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసే, త్వరగా ఆరే రంగు) థిన్నర్ అయినా తమియా అక్రిలిక్‌తో చక్కగా కలుస్తుంది. అందులో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది. మన ఎండాకాలంలో రంగు తుంపర మోడల్‌ను తాకేలోపే గాల్లో ఆరిపోయి ఉపరితలం గరుగ్గా తయారవుతుంది. రిటార్డర్ ఉంటే రంగు పరుచుకోవడానికి సమయం దొరుకుతుంది.

హంబ్రోల్ లాంటి ఎనామెల్స్‌కు ఎనామెల్ థిన్నర్ లేదా వైట్ స్పిరిట్. మిస్టర్ కలర్ లాంటి లాకర్లకు మిస్టర్ కలర్ థిన్నర్. పెయింట్ల షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవకే, కానీ ఘాటెక్కువ, మోడల్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను కరిగించగలదు. దాన్ని ఎయిర్‌బ్రష్ కడగడానికే ఉంచుకోండి.

లాకర్లతో ఒక లాభం ఉంది. పూర్తిగా ఆరిన లాకర్ పూతను వైట్ స్పిరిట్ కదిలించదు. అందుకే లాకర్ మీద ఎనామెల్ వాష్ (గీతల్లో, మూలల్లో నిలిచేలా వేసే బాగా పల్చని రంగు) వేసి, అక్కర్లేని చోట నిశ్చింతగా తుడిచేయవచ్చు. వరుస తిరగేస్తే, పైన పడిన లాకర్ థిన్నర్ కింది ఎనామెల్‌ను ముడతలు పెట్టేస్తుంది.

పాళ్ల విషయానికొస్తే, తమియా అక్రిలిక్‌కు సగానికి సగం, మిస్టర్ కలర్‌కు ఒక వంతు రంగుకు రెండు వంతుల థిన్నర్‌తో మొదలుపెట్టండి. కప్పు గోడ మీద పాలలా జారాలి. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ. కిటికీలు తెరిచి, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గుడ్డ మాస్క్ ఆవిర్లను ఆపదు.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి రంగులోంచి రెండు చుక్కలు తీసి థిన్నర్ కలపండి, కాసేపు చూడండి. గడ్డకట్టకపోతే, ప్రైమర్ వేసిన ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి ఆరబెట్టండి. వచ్చే పాఠంలో ఆ చెంచాల మీదే మాస్కింగ్ టేప్ అంటించి చూద్దాం.