వాల్వ్ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

ఎకో రిపోర్టు, సీటీ స్కాన్ సీడీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. వాల్వ్ పక్కనే మొదలై గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, బృహద్ధమని, 5.5 సెంటీమీటర్లకు ఉబ్బితే సాధారణంగా ఆపరేషనే అంటారు; మార్ఫాన్ (రక్తనాళాల గోడల్ని బలహీనపరిచే జన్యు జబ్బు) ఉంటే ఇంకా ముందే.

వాల్వ్‌నూ, ఉబ్బిన బృహద్ధమని మొదలునూ కలిపి మార్చేదాన్ని బెంటాల్ ఆపరేషన్ అంటారు. సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి: "ఏడాదికి బెంటాల్ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు సార్? నాకు మీరే చేస్తారా?" బైపాస్‌లో పేరున్నంత మాత్రాన బృహద్ధమని మీద చెయ్యి తిరిగినట్టు కాదు. విసుక్కుంటే ఇంకొకరిని చూడండి.

మెకానికల్ వాల్వ్ అయితే జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే) పరీక్షలు తప్పవు. ఆ మాత్ర పనిని తగ్గించే పాలకూర మానక్కర్లేదు, ఒక వారం గిన్నెడు, మరో వారం అసలు లేకుండా తింటేనే చిక్కు. టిష్యూ వాల్వ్ (జంతు కణజాలంతో చేసింది) 10–15 ఏళ్లలో అరగొచ్చు. రక్తం పలచబరిచే మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు కాబట్టి, పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

పళ్ల డాక్టరుకు ముందే చూపించుకోండి. పుచ్చుపన్ను క్రిములు రక్తంలో కలిస్తే కొత్త వాల్వ్‌ను పట్టుకోగలవు. మా ఇంట్లో ఇదే మర్చిపోయాం, ఆపరేషన్ వారం వాయిదా పడింది.

ఆరోగ్యశ్రీ ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.