రోహిణి కార్తె రాకముందే టీవీ రికార్డరు హార్డ్ డిస్కుకు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వారాలు నడిచే ఆ కార్తెలో పార్వతీపురం, సాలూరు వైపు ఎండ నిప్పులు చెరుగుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి వల్ల పగటి వేడి కాస్త తగ్గినట్లు అనిపించినా, రాత్రి పొద్దుపోయాక కూడా ఉక్కపోత వదలదు. మనం ఆరుబయట మంచాలు వేసుకుంటాం, మజ్జిగ తాగుతాం, ఫ్యాను కింద కూర్చుంటాం. టీవీ కింద గూటిలో రాత్రింబవళ్లు తిరుగుతూ ఉండే రికార్డరుకు మాత్రం మనం చేసిపెడితే తప్ప ఏ వెసులుబాటూ లేదు.

ఈ విషయం మీద నాకింత పట్టింపు కలగడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ నడవలేని స్థితికి వచ్చాక, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నప్పుడు రికార్డు చేసి ఉంచాం. గుడికీ కోటకూ మధ్య సిరిమాను తిరిగే ఆ భాగాన్ని ఆమె ఎన్నిసార్లు పెట్టించుకుని చూసిందో లెక్కలేదు. మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం బొమ్మ ముక్కలై ఆగిపోయింది, పెట్టె తనంతట తానే ఆరి వెలిగింది, వారం తిరగకుండా డిస్కు పూర్తిగా పోయింది. పెట్టెను మార్చి ఇచ్చారు గాని అందులో దాచుకున్నవేవీ తిరిగి రాలేదు. పాత పెట్టెను బయటికి తీసిన రోజున, అద్దాల తలుపులు వేసి ఉంచిన ఆ షోకేసు గూటిలో చేయి పెడితే పొయ్యి గట్టు మీద పెట్టినట్లు ఉంది. దాన్ని అలా మూసిపెట్టింది మేమే.

హార్డ్ డిస్కు లోపల లోహంతోనో గాజుతోనో చేసిన పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే, రాసే హెడ్డు ఆ పళ్లేలను తాకకుండా కేవలం కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. కంప్యూటరులోని డిస్కుకు పని లేనప్పుడు కొంత విశ్రాంతి దొరుకుతుంది. రికార్డరులోని డిస్కుకు అది దొరకదు. 1999లో అమెరికాలో టివో పెట్టెలు అమ్మకానికి వచ్చినప్పటి నుంచి ఈ జాతి యంత్రాల ప్రధాన ఆకర్షణ, చూస్తున్న ప్రసారాన్ని మధ్యలో ఆపి వెనక్కి తిప్పుకోగలగడం. అది సాధ్యం కావాలంటే మీరు రికార్డు బటను నొక్కినా నొక్కకపోయినా, పెట్టె ఆ చానెల్‌ను ఎడతెగకుండా డిస్కు మీద రాస్తూనే ఉండాలి. రిమోటుతో ఆపి స్టాండ్‌బైలో ఉంచినా చాలా పెట్టెల్లో డిస్కు తిరగడం ఆగదు. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టెకు చెవి ఆన్చి వింటే సన్నని హోరు మీకే వినిపిస్తుంది.

రాసే వేగం దానికి పెద్ద భారం కాదు. హెచ్‌డీ ప్రసారానికి సెకనుకు సుమారు ఒక మెగాబైటు సరిపోతుంది, డిస్కు అంతకు వంద రెట్లు రాయగలదు. విరామం లేకపోవడమే దాని కష్టం. అందులోనూ రెండు చానెళ్లను రికార్డు చేస్తూ మూడో దాన్ని చూస్తుంటే, హెడ్డు మూడు చోట్ల మధ్య అటూ ఇటూ పరుగెత్తవలసి వచ్చి డిస్కు మరింత వేడెక్కుతుంది.

ఇక అంకెల విషయానికి వద్దాం. మూడున్నర అంగుళాల డిస్కు పని చేస్తున్నప్పుడు సుమారు 4 నుంచి 8 వాట్ల కరెంటు తీసుకుంటుంది; లాప్‌టాప్‌లలో వాడే రెండున్నర అంగుళాల డిస్కుకు సుమారు 2 వాట్లు చాలు. ఇది ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంతే అయినా, దాదాపు అంతా వేడిగానే మారుతుంది, దానికి పెట్టెలోని చిప్పుల వేడి, పవర్ సప్లై వేడి తోడవుతాయి. ఇళ్లలో వాడే డిస్కుల్లో చాలావాటికి తయారీదారులు పెట్టిన గరిష్ఠ పరిమితి 60 డిగ్రీల సెల్సియస్. నిఘా కెమెరాల రికార్డర్ల కోసం ప్రత్యేకంగా చేసిన డిస్కులకు 65 లేదా 70 డిగ్రీల వరకు ఇస్తారు. ఈ పరిమితి గది వేడికి కాదు, డిస్కు ఒంటి వేడికి. మధ్యాహ్నం డాబా కింది గదిలో 37 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. తలుపులు మూసిన గూటిలో గాలి దానికి పది డిగ్రీలు ఎక్కువగా ఉండి, పెట్టె లోపల డిస్కు ఆ గాలికన్నా మరో పన్నెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, మొత్తం 59 అవుతుంది. మధ్యలోని ఆ పది డిగ్రీలు ఒక్కటే మన చేతిలో ఉన్నవి.

వేడి అనగానే డిస్కును ఎంత చల్లబరిస్తే అంత మంచిదనుకోవడం కూడా సరి కాదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు పరిశీలించి, మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో వేడికీ డిస్కు చెడిపోవడానికీ అనుకున్నంత గట్టి సంబంధం కనిపించలేదని, అయితే బాగా ఎక్కువ వేడిలో, ముఖ్యంగా మూడేళ్లు దాటిన డిస్కుల్లో, చెడిపోవడం పెరిగిందని తేల్చారు. ఆ డిస్కులు గాలి ప్రసరణ చక్కగా ఉన్న గూగుల్ డేటా కేంద్రాల్లోవి. మన షోకేసులోని పాత పెట్టె వారు చెప్పిన ఆ చివరి వర్గానికే దగ్గరగా ఉంటుంది. కాబట్టి 50 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చని, 55 దాటితే ఏదో ఒకటి చేయాలని నేను భావిస్తాను. చల్లదనం కోసం పెట్టెను ఎయిర్ కూలరు ముందు పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. అది నీటి తేమను నేరుగా సర్క్యూట్ల మీదికి ఊదుతుంది. ఉప్పుగాలి వీచే మన తీరప్రాంతంలో తుప్పుకు అంతకన్నా దగ్గరి దారి లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పెట్టెను ఉంచే చోటు. వేడిగాలి పైకి పోతుంది, దాని స్థానంలోకి కింది నుంచి, పక్కల నుంచి చల్లగాలి రావాలి. ఈ రాకపోకలకు దారి ఉంటే ఏ ఫ్యానూ లేకుండానే సగం పని పూర్తవుతుంది. షోకేసుకు అద్దాల తలుపులుంటే వేసవి మూడు నెలలూ వాటిని తెరిచి ఉంచండి, లేదా పూర్తిగా ఊడదీయించండి. గూడు వెనక చెక్క మూసి ఉంటే వడ్రంగి చేత పై భాగంలో అరచేయి పట్టేంత రంధ్రం చేయించండి. ముందు తెరిచి వెనక మూసి ఉన్న గూటిలో వేడిగాలి పై అరకు తగులుకుని అక్కడే నిలిచిపోతుంది. పెట్టెకు పక్కల, వెనక నాలుగు వేళ్ల వెడల్పు, పైన జానెడు ఖాళీ వదలాలి. కొన్ని పెట్టెలకు గాలి రంధ్రాలు అడుగున కూడా ఉంటాయి, కింది రబ్బరు కాళ్లు వాటిని రెండు మూడు మిల్లీమీటర్లే పైకి లేపుతాయి. నీళ్ల సీసాల ప్లాస్టిక్ మూతలు నాలుగు తీసుకుని నాలుగు మూలల కింద పెడితే అడుగున గాలి ఆడుతుంది. మెత్తగా ఉంటుందని స్పాంజి గాని, థర్మోకోల్ గాని వేయకండి, అవి వేడిని అక్కడే పట్టి ఉంచుతాయి.

పెట్టె కింద ఏముందో, పైన ఏముందో కూడా చూడాలి. హోం థియేటరు మీద, ఇన్వర్టరు మీద రికార్డరును ఉంచడం మన ఇళ్లలో మామూలే. ఇన్వర్టరు బ్యాటరీని ఛార్జి చేసేటప్పుడు వెలువడే వేడి నేరుగా పైనున్న పెట్టెలోకి ఎక్కుతుంది. వైఫై పెట్టెను తెచ్చి రికార్డరు మీద పెట్టడం కూడా అలాంటిదే. పడమటి కిటికీ నుంచి సాయంత్రపు ఎండ పడే గోడను వదిలి, ఉత్తరపు గోడకు మార్చగలిగితే మరీ మంచిది. ఇక దుమ్ము పడకుండా ఎంతో శ్రద్ధగా అల్లి కప్పే లేసు గుడ్డను వేసవిలో తీసి బీరువాలో పెట్టమని ఇంట్లో ఆడవాళ్లను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. అది సరిగ్గా వేడిగాలి బయటికి పోయే రంధ్రాల మీదే పడుతుంది.

దుమ్మును మెత్తని కుంచెతో రంధ్రాల పైపైన, కరెంటు తీసేశాక తుడిస్తే చాలు. వెచ్చదనానికి బొద్దింకలు, బల్లులు, చీమలు చేరుతాయి గనుక తీపి పదార్థాలు ఆ దరిదాపుల్లో ఉంచకూడదు. పురుగుల మందును మాత్రం పెట్టెలోకి కొట్టకండి.

వేడిని అంచనాతో వదిలేయకుండా కొలవడం మంచిది. వైరు చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. సెన్సరును వేడిగాలి బయటికి వచ్చే రంధ్రం దగ్గర టేపుతో అంటించి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి చూడండి. డిస్కు ఆ గాలికన్నా కొంత ఎక్కువ వేడిగానే ఉంటుందని గుర్తుంచుకుని, అక్కడ 45 డిగ్రీలు దాటితే చర్య తీసుకోవాలి. కొన్ని రికార్డర్ల సెట్టింగుల్లో డిస్కు ఉష్ణోగ్రత నేరుగా కనిపిస్తుంది. అలా ఉంటే అదే ప్రమాణం. ఏ పరికరమూ లేనప్పుడు పెట్టె పైరేకు మీద అరచేయి ఆన్చి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే వేడి మితిమీరినట్లే.

ఇన్ని చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఫ్యాను గురించి ఆలోచించాలి. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల ఫ్యానును తక్కువ వోల్టేజీ మీద నెమ్మదిగా తిప్పితే చప్పుడు లేకుండా చాలినంత గాలి ఇస్తుంది. యూఎస్‌బీ మీద నడిచే 5 వోల్టుల ఫ్యాను ఇంకా సులువు. దాన్ని పెట్టెకు అంటించకుండా, పక్కన విడిగా నిలబెట్టి, పక్క రంధ్రాల్లోకి గది గాలి వెళ్లేలా ఉంచండి. పెట్టె మీదే బిగిస్తే దాని అదురు డిస్కుకు చేరి హెడ్డు గురి తప్పుతుంది, ఒక జబ్బుకు మందు వేసి మరో జబ్బు తెచ్చుకున్నట్లవుతుంది. పెట్టెకు సొంత ఫ్యాను ఉంటే అది గాలిని ఎటు నెడుతోందో సన్నని కాగితపు ముక్కతో చూసుకుని, మీ ఫ్యానును అదే దిశలో పెట్టండి.

పెట్టె మూత విప్పి లోపల ఫ్యాను బిగించే ప్రయత్నం మీరు చేయవద్దు. పవర్ సప్లైలోని కెపాసిటరులో 300 వోల్టులకు పైగా డీసీ నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు అది ప్రాణాపాయమే. పైగా డీటీహెచ్ పెట్టెలు చాలా సందర్భాల్లో కంపెనీ ఆస్తిగానే ఉంటాయి, విప్పితే వారంటీ పోతుంది.

రికార్డింగుల వేళలను కూడా కొంత మార్చుకోవచ్చు. ధారావాహికలు చాలావరకు మర్నాడు పునఃప్రసారమవుతాయి గనుక, మధ్యాహ్నం ఒకేసారి రెండు రికార్డు చేసే బదులు తెల్లవారుజామున వచ్చేదాన్ని ఎంచుకోవచ్చు. వేసవి సెలవులకు పది రోజులు ఊరెళ్తుంటే, రికార్డు చేయవలసినవేమీ లేనప్పుడు, రిమోటుతో ఆపి, రెండు నిమిషాలాగి స్విచ్చు తీసేయండి.

కరెంటు కోతలు డిస్కుకు మరో పరీక్ష. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు, తిరుగుతున్న పళ్లేల వేగంతోనే హెడ్డు తన చోటికి చేరేలా డిస్కులో ఏర్పాటు ఉంటుంది. కానీ కరెంటు వచ్చిపోతూ నిమిషానికోసారి డిస్కు ఆగి మొదలవుతుంటే, మొదలైన ప్రతిసారీ మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇన్వర్టరు లైనులో రికార్డరు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత కలిపించండి, లేదా లైను నిలకడయ్యే వరకు ప్లగ్గు తీసి ఉంచండి. ఆపిన వెంటనే పెట్టెను జరపకుండా, పళ్లేలు నిలిచేందుకు కనీసం ఒక నిమిషం ఆగండి.

బొమ్మ మధ్యాహ్నం మాత్రమే ముక్కలవుతూ రాత్రి బాగుంటే అది చాలావరకు వేడి బాధే, చోటు మారిస్తే తగ్గవచ్చు. రాత్రి చల్లబడ్డాక కూడా ఆగుతూ, లోపలి నుంచి టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తుంటే డిస్కే దెబ్బతిన్నదని గ్రహించి, చూడవలసిన రికార్డింగులను ఆలస్యం చేయకుండా చూసేయండి. చాలా పెట్టెల్లో అవి ఆ పెట్టెకే కట్టుబడి ఉండేలా తాళం వేసి ఉంటాయి. డిస్కును తీసి వేరే చోట పెట్టినా తెరుచుకోవు. యూఎస్‌బీ హార్డ్ డిస్కు మీద రికార్డు చేసే పెట్టెలకూ సాధారణంగా ఇదే వర్తిస్తుంది. అటువంటి డిస్కును తోలు సంచిలో ఉంచి వాడకుండా, విడిగా, టీవీ వెనక వేడి తగలని చోట పెట్టాలి.

అక్టోబరు వస్తే మనకు వేడి భయం పోయి తుపాను భయం మొదలవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని తాకాక ఉద్దానం గ్రామాల్లో ఎన్నో రోజులు కరెంటు లేదు. అటువంటి హెచ్చరిక వినగానే రికార్డరు ప్లగ్గుతో పాటు డిష్ నుంచి వచ్చే కేబులును కూడా పెట్టె నుంచి విప్పేయండి, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. కరెంటు తిరిగి వచ్చిన రోజున వెంటనే పెట్టవద్దు. గది గోడలు చెమ్మగా ఉన్నంత కాలం పెట్టెలోనూ చెమ్మ ఉంటుంది. ఒక రోజంతా కిటికీలు తెరిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, లైటు వెలుగు మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతోందని చూసుకున్నాకే స్విచ్చు వేయండి.