పంప్ ట్యూబ్‌లో గాలి బుడగలు వస్తుంటే ఏం చేయాలి

మా పాపకి ఇన్సులిన్ పంప్ పెట్టిన మొదటి వేసవిలో, ఇక్కడ చెన్నై వేళచ్చేరిలో, ట్యూబ్‌లో బుడగ కనిపించినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనయ్యేది. ముందు ఒకటి చెప్తా, ఆ గాలి ఒంట్లోకి పోతే ఏమవుతుందోనని భయపడకండి, అది వెళ్ళేది చర్మం కిందికే, రక్తనాళంలోకి కాదు. అసలు సమస్య, గాలి ఉన్నంత మేర ఇన్సులిన్ అందదు. యూ-100 ఇన్సులిన్ 1 ఎంఎల్‌లో 100 యూనిట్లు కదా, అంటే 0.01 ఎంఎల్ గాలికి 1 యూనిట్ పోయినట్టే, చిన్నపిల్లలకి అది చాలా ఎక్కువ.

ఎక్కువసార్లు కారణం చల్లదనమే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే నింపేస్తే, వేడెక్కేకొద్దీ అందులో కరిగున్న గాలి బుడగలై బయటికొస్తుంది. అందుకే గంట రెండు గంటల ముందే బయట పెట్టండి, కానీ మే నెలలో మన వంటింట్లో మాత్రం వద్దు, 30 డిగ్రీలు దాటకూడదు కాబట్టి ఏసీ గదిలో పెట్టండి. ఊపకండి. రిజర్వాయర్‌లోకి, అంటే పంప్‌లో ఇన్సులిన్ నింపే చిన్న గొట్టంలోకి, మెల్లగా లాగి, నిలువుగా పట్టుకుని వేలితో తట్టి, పైకొచ్చిన గాలిని వయల్ (ఇన్సులిన్ సీసా)లోకే తోసేయండి.

ట్యూబ్‌లో కనిపిస్తే సెట్‌ని (పంప్ నుంచి ఒంటికి తగిలించే ట్యూబ్‌ని) ఒంటి నుంచి విడదీసి, మళ్ళీ చెప్తున్నా విడదీశాకే, బుడగ చివరిదాకా వచ్చి పోయేవరకు ప్రైమ్ చేయండి, అంటే పంప్‌తో ట్యూబ్‌లోకి ఇన్సులిన్ తోయండి. తగిలించి ఉండగా చేస్తే ఆ ఇన్సులినంతా ఒంట్లోకి పోయి షుగర్ పడిపోతుంది.

షుగర్ 250 దాటి దిగకపోతే కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూడండి, డాక్టర్ చెప్పిన డోస్ పెన్‌తో ఇచ్చి సెట్ మార్చేయండి, ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులినే, అది ఆగితే ఒంట్లో వేరే నిల్వ ఉండదు.