ఒంగోలు నీడ, నెల్లూరు నీడ: భూమిని కొలిచే ప్రయోగం, ఉన్నది ఉన్నట్టు రాసే అలవాటు

నిజాయితీ గురించి పీరియడ్ పెట్టి చెబితే పిల్లలు విని వదిలేస్తారు. చేతిలో టేపు పెట్టి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాయమంటే అసలు పరీక్ష మొదలవుతుంది. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒంగోలులో ఒక బడి, నెల్లూరులో ఒక బడి కలిసి, రెండు ఊళ్ల మధ్యాహ్నపు నీడల తేడాతో భూమి చుట్టుకొలత కట్టే ప్రయోగం ఇది. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లకు సరిపోతుంది.

ఈ రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి: ఒంగోలు 80.05 డిగ్రీలు, నెల్లూరు 79.99. రెండింటికీ మిట్టమధ్యాహ్నం ఒకేసారి అవుతుంది. మధ్య దూరం తిన్నగా సుమారు 118 కి.మీ. కావలి, కందుకూరు బడులు జతకడితే దూరం చాలదు, నీడల తేడా కొలత తప్పుల్లోనే కలిసిపోతుంది. దూరాన్ని మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవండి. రోడ్డు మలుపులు తిరుగుతుంది కాబట్టి కిలోమీటరు రాళ్ల లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుంది. అక్షాంశాల తేడా నుంచి మాత్రం దూరం కట్టకండి. డిగ్రీలను కిలోమీటర్లు చేయాలంటే భూమి చుట్టుకొలత ముందే తెలియాలి, అది జవాబులోంచి జవాబు లాగడమే.

ఉత్త కర్ర పాతితే నీడ కొస మసకబారుతుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే గట్టి అట్టకు 5 మి.మీ. రంధ్రం చేసి, దాన్ని వాలీబాల్ స్తంభానికి కట్టిన వెదురు బద్ద మీద నేలకు సరిగ్గా 2 మీటర్ల ఎత్తున పడుకోబెట్టి బిగించండి. రంధ్రంలోంచి దారం వేలాడదీసి, చివర ఇనుప నట్టు కట్టండి. నట్టు నేలను తాకీ తాకనట్టు ఆగిన చోటే మీ మూలబిందువు. ఇలా చేస్తే స్తంభం కాస్త ఒరిగినా నష్టం లేదు. మధ్యాహ్నం గాలి లేస్తే దారం ఊగుతుంది కాబట్టి ఈ గుర్తు ఉదయమే పెట్టుకుని, దారం తీసేయండి. నేల సమంగా ఉండాలి. సిమెంటు గచ్చు మీద చెంబుడు నీళ్లు పోసి చూస్తే వాలు తెలిసిపోతుంది.

ఆ రోజు మన దగ్గర సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేది 12:22కి. 12:04 నుంచి 12:40 దాకా రెండు నిమిషాలకోసారి, నేల మీద పరిచిన చార్టు మీద వెలుగు మచ్చ నడిమధ్యన పెన్నుతో చుక్క పెట్టాలి. మచ్చ కోలగా, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. అంచును కొలిస్తే సెంటీమీటరుకు పైగా తేడా వస్తుంది. మూలబిందువు నుంచి అన్నిటికంటే దగ్గరున్న చుక్క దాకా దూరమే మీకు కావాల్సిన నీడ.

ఉదాహరణకు ఒంగోలులో 87.4, నెల్లూరులో 83.0 సెం.మీ. వచ్చాయనుకుందాం. రంధ్రం ఎత్తు 200 సెం.మీ.తో భాగించి, టాంజెంట్ పట్టికలో కోణాలు చూస్తే 23.61, 22.54. తేడా 1.07 డిగ్రీలు. ఇన్ని డిగ్రీలకు 118 కి.మీ. అయితే భూమి చుట్టూ 360 డిగ్రీలకు ఎంత? 118ని 360తో గుణించి 1.07తో భాగిస్తే భూమి చుట్టుకొలత సుమారు 39,700 కి.మీ. కోణమానినితో కోణం కొలవద్దు. అందులో అర డిగ్రీ పొరపాటు మామూలే, ఇక్కడ మొత్తం తేడానే ఒక డిగ్రీ.

ఒక చోట 2 మి.మీ. తక్కువ, రెండో చోట 2 మి.మీ. ఎక్కువ కొలిస్తే జవాబు దాదాపు 44 వేలకు పోతుంది. రంధ్రం ఒక మీటరు ఎత్తునే పెట్టి ఉంటే 49 వేల దగ్గర తేలేది. ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. వాళ్లు నేర్చుకునేదంతా ఇందులోనే ఉంది.

ఇక్కడే జాగ్రత్త పడాలి. "సార్, మాది 44 వేలొచ్చింది, పుస్తకంలో 40 వేలుంది" అని పిల్లవాడు రబ్బరు తీస్తాడు. ఆ రబ్బరే చేతికి అందకుండా ముందే చూసుకోండి. నోటుపుస్తకంలో పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క అడ్డగీత, కింది అంకె కనబడాలి, పక్కన కారణం ఉండాలి. కోణాలు కట్టకముందే రెండు బళ్లూ కొలతల పేజీని ఫొటో తీసి ఒకే నిమిషంలో పంపుకోవాలి. ఒకరిది చూసి ఇంకొకరు దిద్దుకునే వీలు అప్పుడుండదు. మార్కులు జవాబుకు కాకుండా కొలతల పేజీకే ఇవ్వండి. 40 వేలకు మార్కులిస్తే పిల్లలందరూ 40 వేలే తెస్తారు, ఆ తప్పు మనది.

శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1979 ఆగస్టు 10న అక్కడ లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. ఎక్కడ తప్పిందో దాచకుండా వెతికారు: రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయింది. 1980 జులై 18న అదే రకం రాకెట్ మీద రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. కొలత పేజీలో కొట్టివేత చూసి సిగ్గుపడే పిల్లవాడికి ఈ రెండు తేదీలూ చెప్పండి.

12:20కి మబ్బు కమ్మితే ఆ గడిలో "మబ్బు" అని రాయించండి. ముందు చుక్కకూ వెనక చుక్కకూ మధ్య అంచనా వేసి నింపనివ్వకండి. మిట్టమధ్యాహ్నం చుట్టుపక్కల నీడ చాలా నెమ్మదిగా మారుతుంది. 12:18, 12:26 చుక్కలు దొరికినా లెక్కకు సరిపోతాయి.