పొగరా, అలుపా? ఎదిగే పిల్లల సమస్యలు - పరిష్కారాలు

పదమూడు దాటిన పిల్లల్లో మనం పొగరు, సోమరితనం అనుకునేది చాలాసార్లు నిద్ర చాలకో, రక్తం తక్కువయ్యో వచ్చేదే. తిట్టేముందు ఆ రెండూ చూసుకోండి.

సమస్య: రాత్రి పన్నెండైనా పడుకోడు, పొద్దున లేవడు

కారణం: నిద్ర తెప్పించే మెలటోనిన్ ఈ వయసులో గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదింటికే నిద్ర రాలేదంటే అది నాటకం కాదు. ఫోన్ తోడైతే ఒంటిగంట అవుతుంది. 13-18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అయిదింటికే ట్యూషన్ పెడితే ఆ లెక్క ఎట్ల కుదురుతుంది?

పరిష్కారం: పదింటికి ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ, నాన్నదీ కలిపి, హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. అలారానికి మామూలు గడియారం కొనివ్వండి, లేదంటే ఆ వంకతో ఫోన్ మళ్లీ మంచమెక్కుతుంది. లేచే వేళ రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. ఒకేసారి రెండు గంటలు జరిపితే నిలవదు. ఆదివారం కూడా గంటకు మించి అదనంగా పడుకోనివ్వొద్దు. సాయంత్రం టీ, కాఫీ వద్దు. ఎండాకాలం స్లాబు సెగకు లోపల నిద్ర పట్టకపోతే మిద్దె మీద పడకేయండి.

సమస్య: అమ్మాయికి ఎప్పుడూ అలుపు, చిరాకు, చదివింది గుర్తుండదు

ముందు హిమోగ్లోబిన్ చూపించండి. 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. నెలసరి మొదలవడం, ఒళ్లు వేగంగా ఎదగడం, పొద్దున తినకుండా బడికి పరిగెత్తడం, అన్నీ ఒకేసారి పడతాయి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆస్పత్రుల్లో, కడప రిమ్స్‌లో పరీక్ష చేస్తారు.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది రక్తం తగ్గకుండా కాపాడేందుకు. ఇప్పటికే తగ్గితే రోజూ ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి. ఖాళీ కడుపున వేస్తే వికారం పుడుతుంది, పిల్లలు మాత్ర పారేసేది అందుకే. తిన్నాక ఇవ్వండి. విరేచనం నల్లగా వస్తే భయం లేదు. ఒక్క సంగటితో ఐరన్ సరిపోదు. ఆకుకూర పప్పు పెట్టి నిమ్మకాయ పిండండి. తినే ఇళ్లలో మాంసం పెట్టండి. అన్నం తిన్న గంటదాకా టీ ఇవ్వొద్దు. నులిపురుగుల మాత్ర, అల్బెండజోల్ 400, ఏడాదికి రెండుసార్లు పడాలి.

నెలసరి మొదలైన కొత్తలో 21 నుంచి 45 రోజుల తేడాతో రావడం మామూలే. మూడు నెలలు రాకపోయినా, ఏడు రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా లేడీ డాక్టరుకు చూపించాలి.

సమస్య: ఏమడిగినా "ఏంల్యా" అంటాడు

బ్యాగు దించకముందే మార్కులడిగితే వచ్చే జవాబు అదే. ముందు తిననివ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. చెనక్కాయలు వలుస్తూనో, బండి మీద పోతూనో అడిగితే మాట వస్తుంది. వాడు చెప్పింది పెద్దమ్మ చెవిన పడిందా, మళ్లీ నోరు విప్పడు.

సమస్య: బండి తాళాల కోసం గొడవ

దీంట్లో బేరం లేదు. 16 ఏళ్లకు లైసెన్సు 50 సీసీ లోపు బండికే. ఇళ్లలోని స్కూటీలు అంతకు పైవే. మైనరు నడిపి దొరికితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అరవడం కన్నా ఈ మాట చెప్పండి.

ఇంట్లో సర్దుకోలేనివి

రెండు వారాలుగా తిండి, స్నేహితులు, ఆట ఏదీ పట్టకపోయినా, చేతుల మీద కోతలు కనిపించినా, "నేను లేకుంటేనే మేలు" అన్నా ఆగొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు తాళం వేసిన గదిలో పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.