బలమైన అయస్కాంత క్షేత్రంలో అసాంప్రదాయిక అతివాహకాన్ని పరీక్షించే విధానం

ఎం.ఎస్సీ. ముగించుకొని విజయవాడ నుంచో వరంగల్ నుంచో బెంగళూరులోని ప్రయోగశాలలకు పరిశోధనకు వచ్చే మన విద్యార్థులకు తొలి సంవత్సరంలోనే ఒక పని తగులుతుంది. కొత్తగా పెంచిన అతివాహక స్ఫటికాన్ని (తగినంత చలిలో విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా పోగొట్టుకునే పదార్థాన్ని) అయస్కాంతంలో పెట్టి, ఎన్ని టెస్లాల (క్షేత్ర బలానికి కొలమానం) వద్ద దాని అతివాహకత నశిస్తుందో, అంటే దాని హద్దు ఎంతో, కొలిచి తీసుకురమ్మంటారు. పని చూడడానికి చిన్నదే. అయితే ఆ ఒక్క సంఖ్యను పట్టుకొని, లోపల ఎలక్ట్రాన్లు ఏ రీతిలో జతకట్టాయో తేల్చిచెప్పాలన్న తొందర చాలామందిలో కనిపిస్తుంది. అందుచేత కొలిచే విధానంతో పాటు, కొలిచినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఇక్కడ వివరిస్తాను.

పరికరాన్ని తాకకముందే ఒక విషయం మనసులో స్థిరపడాలి. అయస్కాంత క్షేత్రం కూపర్ జంటను, అంటే అతివాహకతకు మూలమైన ఎలక్ట్రాన్ల జతను, రెండు దారుల్లో విడగొడుతుంది. మొదటిది కక్ష్య దారి. రెండో రకం అతివాహకంలోకి క్షేత్రం సన్నని సుడుల రూపంలో చొరబడుతుంది. ఒక్కొక్క సుడి మోసే అభివాహం ఎప్పుడూ 2.07×10⁻¹⁵ వెబర్లే. క్షేత్రం పెరిగేకొద్దీ సుడుల సంఖ్య పెరిగి, చివరకు వాటి నడిబొడ్డులు ఒకదానిమీద ఒకటి పడతాయి, అక్కడితో అతివాహకత ముగుస్తుంది. ఆ నడిబొడ్డు పరిమాణాన్ని సంబద్ధ దైర్ఘ్యం (జంట విస్తరించి ఉండే దూరం) నిర్ణయిస్తుంది: అది 5.7 నానోమీటర్లయితే, ఈ దారిలో వచ్చే హద్దు సుమారు 10 టెస్లాలు. రెండోది స్పిన్ (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణం) దారి. జంటలోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉన్నప్పుడు, రెండింటినీ తన వైపు తిప్పుకోవాలని క్షేత్రం లాగుతుంది. ఆ లాగుడు జంట బంధాన్ని మించితే జంట విడిపోతుంది. 1962లో క్లాగ్‌స్టన్, బి.ఎస్. చంద్రశేఖర్ విడివిడిగా లెక్కగట్టిన ఈ హద్దు, సరళమైన సందర్భంలో, సందిగ్ధ ఉష్ణోగ్రతను (అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రతను) కెల్విన్లలో తీసుకొని 1.84తో గుణిస్తే వచ్చే టెస్లాలకు సమానం. (ఈ బి.ఎస్. చంద్రశేఖర్, నక్షత్రాలపై పరిశోధించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కారు, ఈ పొరపాటు నేను తరగతి గదుల్లో చాలాసార్లు విన్నాను.) 2 కెల్విన్ల వద్ద అతివాహకమయ్యే పదార్థానికి ఈ హద్దు దాదాపు 3.7 టెస్లాలు. మీ స్ఫటికం ఏ దారిలో ఓడిపోయిందన్నదే మీరు క్షేత్రాన్ని అడుగుతున్న అసలు ప్రశ్న.

పనిలో మొదటి మెట్టు దిశ. అసాంప్రదాయిక అతివాహకాల్లో (మామూలు లోహాల్లోలా స్ఫటిక జాలకపు కంపనాల వల్ల కాక మరో రీతిలో ఎలక్ట్రాన్లు జతకట్టే పదార్థాల్లో) ఎక్కువ భాగం పొరలు పొరలుగా ఉండేవో, దిశనుబట్టి గుణం మారేవో అయి ఉంటాయి గనుక, ఎక్స్‌రే లావే చిత్రంతో (స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్‌రేల చుక్కల చిత్రంతో) స్ఫటికాక్షాలను గుర్తించకుండా ముందుకు పోకూడదు. పొరల వెంట హద్దు, పొరలకు నిలువుగా ఉన్న హద్దుకు 20 రెట్లు ఉందనుకోండి. సాధారణ సూత్రం ప్రకారమే 3 డిగ్రీల వంకర మీ ఫలితాన్ని ఇంచుమించు 30 శాతం తగ్గించివేస్తుంది. 3 డిగ్రీలంటే కంటితో గుర్తుపట్టలేనంత వంకర. కాబట్టి తిరిగే పీఠం ఉంటే, స్ఫటికాన్ని మెల్లగా తిప్పుతూ హద్దు అత్యధికమయ్యే కోణాన్ని కొలతతోనే కనుక్కోవాలి. అతికించడంలో కూడా జాగ్రత్త అవసరం. సుడులు లోపల చిక్కుకున్న స్ఫటికాన్ని బలమైన క్షేత్రం మెలిపెడుతుంది, కాస్త గ్రీజుతో నిలిపిన స్ఫటికం 10 టెస్లాల దగ్గర పక్కకు తిరిగిపోవడం అరుదేమీ కాదు.

రెండో మెట్టు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, స్ఫటికపు అసలు ఉష్ణోగ్రత. తెరమీద కనిపించే సంఖ్య ఉష్ణమాపకానిది, స్ఫటికానిది కాదు. సన్నని బంగారు తీగలు నాలుగింటిని వెండి పేస్టుతో అతికించి, బయటి రెండింటి గుండా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చదువుతాము. అతుకుల నిరోధం ఫలితంలో చేరదు, నిజమే. కానీ వేడి రూపంలో చేరుతుంది. అతుకు నిరోధం 1 ఓమ్ ఉన్నచోట 1 మిల్లీ ఆంపియరు పంపితే 1 మైక్రోవాట్ పుడుతుంది, అర కెల్విన్‌కు దిగువన ఉన్న చిన్న స్ఫటికానికి అదే చాలా ఎక్కువ. విద్యుత్తును పదోవంతుకు తగ్గిస్తే వేడి నూరోవంతుకు దిగుతుంది. కనుక ప్రతి కొలతనూ సగం విద్యుత్తుతో మళ్లీ తీయండి. హద్దు జరిగిందంటే మీరు కొలిచినది వేడినే. క్షేత్రంలో ఉష్ణమాపకం రీడింగు కూడా తప్పుతుంది గనుక, దాని సవరణ పట్టికను ముందే దగ్గర పెట్టుకోవాలి.

క్షేత్రాన్ని ఎప్పుడూ పైకీ కిందికీ, రెండు వైపులా నడపాలి. వెళ్లేటప్పుడు ఒకచోట, వచ్చేటప్పుడు మరొకచోట మార్పు కనిపిస్తే మూడు కారణాలు ఉండవచ్చు: మారుతున్న క్షేత్రం లోహంలో పుట్టించే ప్రేరిత విద్యుత్తుల (ఎడ్డీ కరెంట్ల) వేడి, అభివాహపు సుడులు స్ఫటిక లోపాల్లో చిక్కుకుపోవడం, లేదా మార్పే నిజంగా ఒక్కసారిగా జరిగే మొదటి తరగతి మార్పు కావడం. వేగాన్ని సగం చేసి చూడండి. ఎడం గణనీయంగా తగ్గితే వేడినే అనుమానించాలి. తగ్గకపోతే ఆసక్తికరమైన విషయం చేతికి చిక్కినట్లే. 2.3 కెల్విన్ల వద్ద అతివాహకమయ్యే సీరియం-కోబాల్ట్-ఇండియం సమ్మేళనంలో, లోతైన చలిలో పొరలకు నిలువు దిశలో 5 టెస్లాల దగ్గర జరిగేది అటువంటి మార్పే. అక్కడ జంటలను విడగొట్టింది స్పిన్ దారి అనడానికి అది గట్టి సాక్ష్యం.

ఇక గీసిన రేఖను చదవడం. నిరోధం సున్నా నుంచి పైకి లేచిన చోటునే హద్దు అని రాసేయకండి. కాపర్ ఆక్సైడ్ అతివాహకాల్లో సుడుల అమరిక తోడుకున్న పెరుగులా గట్టిగా ఉన్నంతవరకే నిరోధం సున్నా. అది మజ్జిగలా పలచబడి కదలడం మొదలుపెడితే, జంటలు చెక్కుచెదరకుండానే నిరోధం తిరిగివస్తుంది. అంటే మీరు గుర్తించినది సుడులు కరిగిన చోటు, జంటలు విడిపోయిన చోటు కాదు. 10, 50, 90 శాతం నిరోధం వచ్చే క్షేత్రాలను మూడింటినీ విడివిడిగా గీసి, వీలైతే విశిష్టోష్ణంతో (ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన వేడితో) పోల్చి చూసిన తరువాతే ఒక గుర్తు పెట్టాలి.

ఆ పైన లెక్క తేలిక. ఉష్ణోగ్రతతో హద్దు మారే తీరును గీసి, సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గర ఆ రేఖ వాలును ఆ ఉష్ణోగ్రతతో, 0.69తో గుణిస్తే కక్ష్య హద్దుకు ఒక అంచనా వస్తుంది. 2 కెల్విన్ల పదార్థంలో వాలు కెల్విన్‌కు 10 టెస్లాలయితే ఆ అంచనా 13.8 టెస్లాలు. కొలిచినది 4 దగ్గర ఆగితే స్పిన్ దారి గెలిచింది. 12 దాకా పోతే స్పిన్ దారి ఎందుకు పనిచేయలేదని అడగాలి. స్పిన్‌లు ఒకే వైపు చూసే జంటలన్నది దానికి ఒక జవాబు మాత్రమే. ఒకే పొర మందం ఉన్న నియోబియం డైసెలినైడ్ పొర వెంబడి క్షేత్రంలో స్పిన్ హద్దును ఆరు రెట్లకు పైగా దాటుతుంది; అక్కడ స్పిన్‌లను పొరకు నిలువుగా బిగించి ఉంచేది స్పిన్-కక్ష్య బంధం, అంటే ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కదలికకూ ఉన్న ముడి.

తొందరపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో స్ట్రాన్షియం రుథినేట్ చరిత్ర చెబుతుంది. 1994లో దీనిలో అతివాహకతను కనుగొన్నారు. స్పిన్‌ల స్పందన చలిలో తగ్గడం లేదని 1998లో అణుకేంద్ర అనునాద కొలతలు (క్షణకాలపు రేడియో స్పందాలతో పరమాణు కేంద్రకాలను కదిలించి చదివేవి) చూపడంతో, జంటల స్పిన్‌లు ఒకే వైపు ఉన్నాయని లోకం రెండు దశాబ్దాలు నమ్మింది. 2019లో తక్కువ శక్తి గల స్పందాలతో అదే కొలతను మళ్లీ తీస్తే స్పందన స్పష్టంగా తగ్గింది; వెనుకటి స్పందాలు స్ఫటికాన్ని వేడెక్కించాయని తేలింది. పొరల వెంట దాని హద్దు 1.5 టెస్లాల దగ్గరే ఆగిపోవడం, అక్కడ మార్పు ఒక్కసారిగా జరగడం అంతకుముందే స్పిన్ దారి వైపు వేలు చూపుతున్నాయి. క్షేత్రం చెప్పిన మాటను తగినంతగా వినలేదన్నది నా అభిప్రాయం.

మరొక పొరపాటు, నిరోధం తిరిగి రాగానే అయస్కాంతాన్ని ఆపివేయడం. యురేనియం-రోడియం-జెర్మేనియం సమ్మేళనం కాలు కెల్విన్ వద్ద అతివాహకమవుతుంది. ఒక అక్షం వెంట 2 టెస్లాల వద్ద ఆ గుణాన్ని పోగొట్టుకొని, 8 నుంచి 13 టెస్లాల మధ్య మళ్లీ పొందుతుంది. 2005లో వెల్లడైన ఈ సంగతి, 2 దగ్గర ఆగినవారికి ఎన్నటికీ దొరికేది కాదు. యురేనియం డైటెల్యురైడ్ మరీ ఆశ్చర్యకరం. తొలి స్ఫటికాలు 1.6 కెల్విన్ల వద్ద అతివాహకమయ్యాయి గనుక వాటి స్పిన్ హద్దు 3 టెస్లాలకు లోపే ఉండాలి. కానీ ఒక అక్షం వెంట అతివాహకత సుమారు 35 టెస్లాల వరకు నిలిచింది, క్షేత్రాన్ని ఆ అక్షం నుంచి 20-40 డిగ్రీలు వంచితే 40 టెస్లాలు దాటిన తరువాత మళ్లీ ప్రత్యక్షమైంది. ఈ పదార్థాల్లో క్షేత్రం జంటను విడగొట్టడంతో పాటు, జంటను కట్టే అయస్కాంత ఊగిసలాటలకు కూడా బలం ఇస్తుందని భావిస్తున్నారు. అందుకే మీ అయస్కాంతం ఎంతవరకు పోగలదో అంతవరకు, ఒకటికి నాలుగు కోణాల్లో పోయి చూడండి.

విశిష్టోష్ణం కొలిచే వీలుంటే తప్పక కొలవండి. జంట బంధం కొన్ని దిశల్లో రేఖల వెంట సున్నా అయితే, లోతైన చలిలో విశిష్టోష్ణంలో ఎలక్ట్రాన్ల వాటా క్షేత్రపు వర్గమూలాన్ని అనుసరిస్తుందని భౌతిక శాస్త్రవేత్త వొలోవిక్ 1993లో చూపించాడు: క్షేత్రం నాలుగింతలైతే వాటా రెండింతలు. పరమాణు కేంద్రకాల వాటాను తీసివేయకుండా మాత్రం ఈ రేఖను నమ్మరాదు, ఆ కేంద్రకాల వాటా క్షేత్రపు వర్గంతో పెరుగుతుంది.

ఇక్కడ సాధారణంగా దొరికే తీగచుట్ట అయస్కాంతాలు 9 నుంచి 16 టెస్లాల వరకే పనికివస్తాయి. ఆ పైకి కావాలంటే టలహాసీ (అమెరికా), తులూజ్ (ఫ్రాన్స్), డ్రెస్డెన్ (జర్మనీ) వంటి చోట్ల ఉన్న బలమైన అయస్కాంత ప్రయోగశాలలకు ప్రతిపాదన రాసి సమయం అడగాలి. మిల్లీసెకన్లలో ముగిసే స్పంద క్షేత్రానికి స్ఫటికం ఎంత సన్నగా ఉంటే వేడి అంత తక్కువ, అతుకు ఎంత మంచిదైతే రొద అంత తక్కువ. ఒకే స్ఫటికాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి బెంగళూరులోనే ఉంచండి. తిరిగివచ్చిన ముక్క సందిగ్ధ ఉష్ణోగ్రతను ఇంటి ముక్కతో పక్కపక్కనే కొలిచి, రెండూ కలిశాకే అక్కడి గీతలను నోటుపుస్తకంలో అతికించండి.