బెంగళూరులో దిగాక చేతిలో రెండు ఆఫర్లు: లెక్క కట్టి ఎంచుకోవడం ఎలా

భార్య ఉద్యోగం కోసమో, భర్త బదిలీ వల్లో, ముందు ఊళ్లో దిగి తర్వాత వెతుక్కుందామనో బెంగళూరు వచ్చినవాళ్లు చాలాసార్లు ఎక్కువ అంకె ఉన్న ఆఫర్‌కి వెంటనే ఒప్పేసుకుంటారు. అడ్వాన్సు కట్టేశారు, నెలనెలా అద్దె పోతోంది, జీతం ఇంకా మొదలవలేదు. ఆ తొందరలోనే తప్పు జరుగుతుంది. ఆఫర్ లెటర్ మీద కనిపించే సీటీసీ అంటే మీ మీద కంపెనీకి అయ్యే ఖర్చు. అందులో మీ చేతికి వచ్చేది ఎంత, అద్దె, ప్రయాణం పోగా మిగిలేది ఎంత అన్నది వేరే లెక్క. దానికి ఒక సాయంత్రం చాలు. ముందుగా రెండు కంపెనీల హెచ్ఆర్‌లకు మెయిల్ పెట్టి జీతం బ్రేకప్ షీట్ అడగండి. అది ఇవ్వకుండా "ముందు ఒప్పుకోండి, తర్వాత పంపిస్తాం" అంటే ఆ ఆఫర్‌ని ఇంకా ఆఫర్‌గా లెక్కపెట్టకండి.

మొదట మీ ఇంటి ఖర్చు

ఆఫర్లు పక్కన పెట్టి, నెలకు కనీసం ఎంత కావాలో రాసుకోండి. అద్దె, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కరెంటు, నీళ్లు, సరుకులు, ఇంటికి పంపే డబ్బు, పాత ఈఎంఐలు, ఊరికి వెళ్లివచ్చే ఖర్చు. నీళ్ల దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: కావేరి నీళ్ల కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ల మీద ఆధారపడిన ఇళ్లలో మెయింటెనెన్స్ ఒక్కసారిగా పెరిగింది. అద్దె అగ్రిమెంట్‌లో ఆ భారం ఎవరిదో రాసి ఉండదు, చివరికి అద్దెకున్నవాళ్ల మీదే పడుతుంది.

తర్వాత, మొదటి జీతం వచ్చేలోపు కావలసిన రొక్కం. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు మామూలు. ఇప్పుడు ఐదారు నెలలు అడిగేవాళ్లు ఎక్కువ. అద్దె 28,000 అనుకుంటే ఆరు నెలల అడ్వాన్సు 1,68,000, మొదటి నెల అద్దె 28,000, బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇస్తే మరో 28,000. మొత్తం 2,24,000, సామాన్ల లారీ కాకుండానే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ ఆనవాయితీ, కాబట్టి ఆ అడ్వాన్సు మొత్తం వెనక్కి వస్తుందని అనుకోవద్దు. జీతం కటాఫ్ తేదీ కూడా అడగండి. చాలా కంపెనీల్లో 20వ తేదీ ప్రాంతంలో పేరోల్ మూసేస్తారు. ఆ తర్వాత చేరితే ఆ కొద్దిరోజుల జీతం వచ్చే నెలాఖరుకి గానీ రాదు. చేతిలో రొక్కం తక్కువగా ఉంటే పదిరోజులు ముందుగా చేరడం కొన్నిసార్లు జీతం పెంపు కంటే ఎక్కువ ఆదుకుంటుంది.

ఇల్లు ఇంకా తీసుకోకపోతే మాత్రం ఉద్యోగం ఖాయమయ్యేదాకా తీసుకోకండి. మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో నెలరోజులు పీజీలో ఉంటే పోయేది కొంచెమే. ఆఫీసుకి ఊరి అవతలి కొసన ఇల్లు తీసుకుంటే లాక్-ఇన్ (ఖాళీ చేయకూడదని అగ్రిమెంట్‌లో రాసిన గడువు) అయ్యేదాకా కదలలేరు.

సీటీసీ విప్పి చూడండి

రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది 16 లక్షలు, రెండోది 14.5 లక్షలు. అంకెలు ఉదాహరణకే అయినా జీతాల షీట్లు ఇలాగే ఉంటాయి.

మొదటి ఆఫర్‌లో వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే ఖాయం కాని భాగం, 2,00,000. బేసిక్ ఏడాదికి 6,60,000. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 79,200. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, 31,746. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 15,000 కూడా సీటీసీలోనే కలిపారు. ఇవన్నీ తీసేస్తే ఏడాదికి కచ్చితంగా వచ్చే గ్రాస్ (కోతలకు ముందు జీతం) 12,74,054. అందులో మీ వాటా పీఎఫ్ మరో 79,200, ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 200 చొప్పున, ఫిబ్రవరిలో 300, మొత్తం 2,500 పోతాయి. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే ఆదాయం 12 లక్షల లోపే ఉంది కనుక పన్ను సున్నా. చేతికి వచ్చేది నెలకు సుమారు 99,360.

రెండో ఆఫర్‌లో వేరియబుల్ లేదు. బేసిక్ 7,20,000. పీఎఫ్‌ని చట్టం చెప్పే కనీసానికి, అంటే 15,000 మీద 12 శాతానికి పరిమితం చేశారు: నెలకు 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ 34,632. ఇన్సూరెన్స్ సీటీసీలో కలపలేదు. గ్రాస్ 13,93,768. పన్ను సెస్‌తో కలిపి 80,928. మీ పీఎఫ్ వాటా, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా నెలకు సుమారు 1,07,400.

లక్షన్నర తక్కువ సీటీసీ ఉన్న ఆఫర్ నెలకు ఎనిమిది వేలు ఎక్కువ ఇస్తోంది. అంతమాత్రాన రెండోదే మంచిదని కాదు. మొదటిదాంట్లో రెండు వాటాలూ కలిపి పీఎఫ్‌లో ఏటా 1,58,400 చేరుతుంది, రెండోదాంట్లో 43,200 మాత్రమే. ఆ తేడా మీ డబ్బే, కాకపోతే ఈ నెల అద్దెకు పనికిరాదు. అడ్వాన్సు కోసం అప్పు చేసి ఉన్నవాళ్లకు చేతికొచ్చే డబ్బు ముఖ్యం. అప్పులేనివాళ్లకు, ఎంతొచ్చినా ఖర్చయిపోయే అలవాటు ఉన్నవాళ్లకు పీఎఫ్ ఎక్కువున్నదే మేలు.

గ్రాట్యుటీని మాత్రం పోల్చేటప్పుడు పక్కన పెట్టేయండి. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే అది దక్కుతుంది. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఏడాదికే హక్కు వస్తుంది. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి మొత్తం వేతనంలో కనీసం సగం లెక్కలోకి రావాలన్నది కూడా ఆ కోడ్‌లలోదే. కాబట్టి బేసిక్ 30, 35 శాతమే చూపిస్తున్న షీట్ వస్తే, "ఇది మారుస్తారా, మారిస్తే చేతికొచ్చేది ఎంత తగ్గుతుంది" అని ఇప్పుడే అడగండి.

12.75 లక్షల దగ్గర జాగ్రత్త

2025 బడ్జెట్‌లో వచ్చిన స్లాబుల్లో ఉద్యోగులు తరచూ దెబ్బతినే చోటు ఇదే. పన్ను వేసే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు వల్ల పన్ను లేదు, జీతం రూపంలో చూస్తే 12.75 లక్షల దాకా. అది దాటగానే మార్జినల్ రిలీఫ్ (పన్ను, దాటిన మొత్తాన్ని మించకుండా ఆపే వెసులుబాటు) ఉంటుంది గానీ, దాటిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. ఇలా దాదాపు 13.45 లక్షల గ్రాస్ దాకా నడుస్తుంది. అంటే 12.7 లక్షల గ్రాస్‌ని 13.4 లక్షలకు పెంచామని కంపెనీ చెబితే మీ చేతికి వచ్చే పెంపు నెలకు నాలుగైదు వందలైనా ఉండదు.

మన మొదటి ఆఫర్‌లో వేరియబుల్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 2,00,000 పూర్తిగా వచ్చినా పన్ను వేసే ఆదాయం 13,99,054కి చేరి పన్ను 93,452 అవుతుంది. మీకు మిగిలేది 1,06,548. అది కూడా కలిపితే మొదటి ఆఫర్ ఏడాదికి 12,98,902, రెండోది 12,88,740. వేరియబుల్ నూటికి నూరు శాతం వచ్చినా తేడా నెలకు 850 రూపాయలే.

ఈ ఇరుకులోంచి బయటపడే మంచి దారి కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం). కొత్త విధానంలో కూడా బేసిక్‌లో 14 శాతం దాకా కంపెనీ ఎన్‌పీఎస్‌కి కడితే అది పన్ను ఆదాయంలోంచి పోతుంది. రెండో ఆఫర్‌లో స్పెషల్ అలవెన్స్ నుంచి 1,00,800 తీసి ఎన్‌పీఎస్‌కి మార్చమంటే పన్ను 80,928 నుంచి 18,687కి దిగుతుంది. అంటే లక్ష పైగా పొదుపయితే చేతికొచ్చేది ఏడాదికి 38,559 మాత్రమే తగ్గుతుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం రిటైర్మెంట్ దాకా కదలదని తెలిసి చేయండి. కంపెనీకి పైసా అదనపు ఖర్చు లేదు కనుక హెచ్ఆర్ ఒప్పుకోవడానికి తేలికైన కోరిక ఇదే.

హెచ్ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పాత విధానంలోనే. అద్దె ఎక్కువ కడుతున్నాం కాబట్టి పన్ను తగ్గుతుందని అనుకుని కొత్త విధానంలో చేరితే ఆ లెక్క తప్పుతుంది. హోమ్ లోన్ వడ్డీ, 80సీ పొదుపులు, అద్దె మూడూ గట్టిగా ఉన్నవాళ్లు రెండు విధానాల్లోనూ లెక్క వేసి చూడాలి.

వేరియబుల్, జాయినింగ్ బోనస్

వేరియబుల్ గురించి నాలుగు ప్రశ్నలు: గత రెండేళ్లలో ఈ గ్రేడ్‌కి ఎంత శాతం ఇచ్చారు, ఏ నెలలో ఇస్తారు, ఇచ్చే రోజు నాటికి ఉద్యోగంలో ఉండాలా, మధ్యలో చేరినవాళ్లకు దామాషాగా ఇస్తారా. హెచ్ఆర్ చెప్పకపోతే అదే టీమ్‌లో పనిచేస్తున్నవాళ్లను అడగండి. స్పష్టత రాకపోతే వేరియబుల్‌లో సగమే లెక్కలోకి తీసుకోండి.

జాయినింగ్ బోనస్ మీద ఏడాదో రెండేళ్లో షరతు ఉంటుంది. ముందే వెళ్లిపోతే తిరిగి కట్టాలి. ఇక్కడ దెబ్బ ఏమిటంటే, మీ ఖాతాలో పడింది పన్ను పోగా మిగిలింది, కంపెనీ వెనక్కి అడిగేది చాలాసార్లు పూర్తి మొత్తం. రికవరీ ఏ మొత్తం మీద, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా అన్నది లెటర్‌లో చదవండి. నోటీసు 90 రోజులా 60 రోజులా అన్నది కూడా జీతంతో సమానంగా చూడాల్సిన విషయం. 90 రోజుల నోటీసు ఉన్నవాళ్ల కోసం ఆగే తర్వాతి కంపెనీలు తక్కువ.

స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని స్టార్టప్ ఇచ్చే ఈసాప్‌లను (ఉద్యోగులకు ఇచ్చే షేర్ల హక్కులను) సున్నాగా వేసుకోండి. తర్వాత ఏమైనా వస్తే సంతోషం, అద్దె మాత్రం వాటితో కట్టలేరు.

అమ్మానాన్నల ఇన్సూరెన్స్

గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారా, వాళ్ల ప్రీమియం ఎవరు కడతారు, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా? మీరు బెంగళూరులో ఉన్నా వాళ్లు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉంటారు. కాబట్టి ఆ ఊళ్లోని మీరు నిజంగా వెళ్లే ఆసుపత్రి క్యాష్‌లెస్ జాబితాలో ఉందో లేదో చూడాలి. అరవై దాటిన షుగర్, బీపీ ఉన్న ఇద్దరికి విడిగా పాలసీ తీసుకుంటే ఎంత అవుతుందో కొటేషన్ తీసి, ఆ మొత్తాన్ని కవర్ ఇచ్చే ఆఫర్ పక్కన కలపండి. చాలా ఇళ్లలో ఈ ఒక్క పద్దుతోనే నిర్ణయం మారిపోతుంది.

ఆఫీసు ఎక్కడ, వారానికి ఎన్ని రోజులు

బెంగళూరులో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతారు. మంగళవారమో బుధవారమో ఉదయం ఎనిమిదిన్నరకి ఇంటి దగ్గర బయలుదేరి ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్లండి, సాయంత్రం ఆరుకి తిరిగి రండి. ఆదివారం మ్యాప్‌లో చూసిన సమయం పనికిరాదు. సిల్క్ బోర్డు, మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ, ట్రాఫిక్ ఆగిపోయే ఈ కూడళ్లలో ఏది మీ దారిలో ఉందో అదే మీ సాయంత్రాలను నిర్ణయిస్తుంది.

మెట్రో ఉన్న దారి అయితే లెక్క నమ్మకంగా వస్తుంది. పర్పుల్ లైన్ చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఉంది. 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ ఆర్‌వీ రోడ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్తుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఇల్లు, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు అయితే ఆర్‌వీ రోడ్‌లో ఒకసారి, మెజెస్టిక్‌లో ఒకసారి మారి ఊరంతా చుట్టాలి. 2025 ఫిబ్రవరి పెంపుతో గరిష్ఠ టికెట్ 90 రూపాయలైంది. రానూపోనూ 180, నెలకు 22 రోజులైతే 3,960. స్టేషన్ నుంచి ఆఫీసు దాకా ఆటో వేరే.

సమయాన్ని కూడా ఇలాగే వేయండి. రోజుకు మూడు గంటల ప్రయాణం, వారానికి మూడు రోజుల ఆఫీసు అంటే నెలకు 13 రోజులు, 39 గంటలు. అదే ఐదు రోజులైతే 66 గంటలు. ఎనిమిది వేల తేడాని ఆ 66 గంటలకు పంచితే గంటకు సుమారు 120 రూపాయలు. హైబ్రిడ్ అని మేనేజర్ నోటితో చెప్పినది లెక్క కాదు. వారానికి ఎన్ని రోజులు, ఏ ఆఫీసు అన్నది మెయిల్‌లో రాయించుకోండి. ఆఫర్ లెటర్‌లో "దేశంలో ఎక్కడికైనా, ఏ షిఫ్ట్‌కైనా" అన్న వాక్యం ఉంటే, ఆ టీమ్ ఇప్పుడు ఏ క్యాంపస్‌లో కూర్చుంటోందో విడిగా అడగాలి. క్యాబ్ ఉందంటే ఉచితమా, జీతంలో కోస్తారా, రాత్రి షిఫ్ట్‌కే పరిమితమా?

అడగడం, ఒప్పుకోవడం

ఒక ఆఫర్ గడువు ముందు అయిపోతుంటే ఐదు రోజుల పొడిగింపు అడగండి. "కుటుంబంతో మాట్లాడి శుక్రవారానికి చెబుతాను" అంటే చాలు. గడువు లేని ఆఫర్ దొరకదు, కానీ మర్యాదగా అడిగిన ఒక్క పొడిగింపుకి ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ అరుదు. జీతం పెంచమని అడిగేటప్పుడు "బెంగళూరు ఖర్చు ఎక్కువ" అనొద్దు, ఆ ఊళ్లో అందరికీ అదే ఖర్చు. రెండో ఆఫర్ బ్రేకప్‌ని ఎదురుగా పెట్టి ఫిక్స్‌డ్‌లో తేడా ఎంతో చెప్పండి. వేరియబుల్‌ని ఫిక్స్‌డ్‌కి మార్చమనడం, మకాం మార్పు ఖర్చు బిల్లుల మీద ఇమ్మనడం, కంపెనీ వసతి పదిహేను రోజులు అడగడం మొత్తం సీటీసీ పెంచమనడం కంటే తేలిగ్గా తెగుతాయి.

లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం ఉందని మాత్రమే చెప్పే లేఖ) అంటే ఆఫర్ కాదు. తేదీ, హోదా, జీతం, చేరే చోటు ఉన్న సంతకం చేసిన ఆఫర్ లెటర్ వచ్చి, మీరు ఒప్పుకున్నట్టు వాళ్ల నుంచి జవాబు వచ్చేదాకా రెండోవాళ్లకు వద్దని చెప్పకండి. వచ్చాక మాత్రం ఆ రోజే చెప్పండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి పాత ఉద్యోగం రిలీవింగ్ లెటర్, పేస్లిప్‌లు సిద్ధంగా ఉంచుకోండి. పాత ఉద్యోగం చివరి రోజు, కొత్తదాని మొదటి రోజు పీఎఫ్ ఖాతాలో ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోండి. లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

చేరిన మొదటి నెలలోనే ఈ ఏడాది పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో కంపెనీ కూడా 75,000 డిడక్షన్, 12 లక్షల రిబేటు మళ్లీ మొదటి నుంచి వేస్తుంది. నెలనెలా ఎక్కువ జీతం వస్తున్నట్టు కనిపించి, రిటర్ను వేసేటప్పుడు ఆ పన్ను వడ్డీతో సహా ఒకేసారి కట్టాల్సి వస్తుంది.